పేపర్-4లో జె.ఎన్. చౌదరి: మార్కులు ఎక్కడ పోతున్నాయి?

తెలంగాణ గ్రూప్-2 పేపర్-4 (తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఏర్పాటు) సిలబస్ మొదటి విభాగంలో సైనిక పాలన, వెల్లోడి కాలపు ఉద్యోగ విధానాలు అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ సైనిక పాలన నడిపిన హైదరాబాద్ మిలిటరీ గవర్నర్ మేజర్ జనరల్ చౌదరిని చదవాల్సింది దాని కోసం. హన్మకొండ రూముల్లో తిరిగే నోట్సుల్లో మాత్రం ఆయన కలకత్తాలో పుట్టడం, శాండ్‌హర్స్ట్ చదువు వగైరా పేజీలు నిండా ఉంటాయి. వాటిని ఒకసారి చూసి వదిలేయండి.

ముందు పోలీస్ యాక్షన్, అంటే హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం చర్య. 1948 సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి వచ్చిన సేన చౌదరిది, విజయవాడ వైపు నుంచి వచ్చింది మేజర్ జనరల్ రుద్రది. ఇద్దరికీ పైన సదరన్ కమాండ్ అధిపతి రాజేంద్రసింహ్‌జీ. ప్రశ్నలో ‘సదరన్ కమాండ్’ కనబడితే చౌదరి పేరు మీద టిక్ పెట్టొద్దు. తేదీల్లోనూ ఇదే తంటా: నిజాం ప్రధాని లాయక్ అలీ రాజీనామా 17న, చౌదరి ముందు నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగుబాటు 18న. ఆప్షన్లలో రెండూ ఇస్తారు.

నిజాంను గద్దె దించలేదు. ఆయన ఫర్మానాతోనే మిలిటరీ గవర్నర్‌కు అధికారాలు దఖలు పడ్డాయి. అందుకే జాగీర్దారీ రద్దు రెగ్యులేషన్ మీద నిజాం రాజ్యపు లెక్కలో 1358 ఫసలీ సంవత్సరం అని ఉంటుంది. ఫసలీకి 590 లేదా 591 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఈ రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది 1949 ఆగస్టు 15న. కౌలుదారీ చట్టం మాత్రం 1950ది, అంటే వెల్లోడి కాలం. ఈ రెంటినీ తారుమారు చేసేవాళ్లే ఎక్కువ. 1950 జనవరి 26 దగ్గర ఒక గీత గీసుకోండి: ఆ రోజు నుంచి నిజాం రాజ్‌ప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి), ఐసీఎస్ అధికారి వెల్లోడి ముఖ్యమంత్రి. ‘ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి’ అని అడిగితే బూర్గుల రామకృష్ణారావు, 1952.

అసలు సరుకు ఉద్యోగాల దగ్గరుంది. పాలనలో ఉర్దూ వెనక్కిపోయి ఇంగ్లిష్ ముందుకొచ్చింది, బయటి రాష్ట్రాల నుంచి అధికారులు, సిబ్బంది దిగారు. ఉద్యోగాలకు పదిహేనేళ్ల స్థానిక నివాసం కావాలన్న ముల్కీ నిబంధన ఉన్నా దొంగ సర్టిఫికెట్లతో దారి దొరికింది. ఆ మంట 1952లో మన వరంగల్‌లోనే రాజుకుంది. సెప్టెంబర్‌లో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు, ఆపైన జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ. గ్రూప్-1 మెయిన్స్‌లో చౌదరి గురించి రాయాల్సి వస్తే ఆయన్ని పొగుడుతూ పేరా నింపకుండా ఈ వరుస రాయండి. అదే చోట పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన, నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం పరిశీలించిన హింస గురించి రెండు వాక్యాలు ఉండాలి. అవి లేని జవాబు ఒక పక్షం వాదనలా ఉంటుంది.

చివరగా గోవా బిట్. 1961లో గోవాను భారత సైన్యం పోర్చుగీసు వాళ్ల నుంచి తీసుకున్నప్పుడు చౌదరి సదరన్ కమాండ్ అధిపతి. గోవా మిలిటరీ గవర్నర్ మాత్రం మేజర్ జనరల్ కాండెత్. చౌదరి 1962 నవంబర్‌లో సైన్యాధిపతి అయ్యారు, 1965 యుద్ధం ఆయన హయాంలోనే. 1966లో రిటైరయ్యాక కెనడాకు హైకమిషనర్‌గా వెళ్లారు.