నలభై అయిదో పేజీ, పైది

అలబామా గడియారం మా అట్లాంటా కంటే గంట వెనక. ఆ సంగతి నాకు తెలుసు, గుర్తు లేదంతే. జూలై మొదటి వారంలో ఓ పొద్దున హెనగర్‌లోని లిబర్టీ బాప్టిస్ట్ చర్చి ముందు కారు ఆపేసరికి అక్కడ నేనూ, మా ఆవిడా, ఆవిడ ఒళ్ళో పులిహోర ట్రే. అంతే, నరమానవుడు లేడు. "నాలుగింటికి లేపావు" అని ఒక్క మాటే అంది.

ఫోర్ట్ పేన్ లోయ దాటి శాండ్ మౌంటెన్ ఎక్కితే వచ్చే చిన్న ఊరు ఇది. ఇక్కడ అందరూ కలిసి పాడే భక్తిపాటల కూటానికి రమ్మన్నది మా ఆఫీసులో పనిచేసే అలబామా అతను. "నాకు పాడటం రాదు బాబూ" అంటే, "పర్లేదు, వినడానికి మాత్రం రాకు" అన్నాడు. అప్పుడది జోక్ అనుకున్నా.

వీళ్ళు పాడేది 'ది సేక్రెడ్ హార్ప్' అనే పుస్తకంలోంచి. జార్జియాకు చెందిన బి.ఎఫ్. వైట్, ఇ.జె. కింగ్ 1844లో అచ్చువేశారు. మేం వెళ్ళినప్పుడు చేతికిచ్చింది 1991 కూర్పు, అడ్డంగా పొడుగ్గా ఉండే మెరూన్ అట్ట పుస్తకం, 550కి పైగా పాటలు. ఇందులో ప్రతి స్వరానికీ ఓ ఆకారం ఉంటుంది. త్రికోణం ఫా, గుండ్రం సోల్, చతురస్రం లా, డైమండ్ మీ. 1801 నాటి ఓ పాఠ్యపుస్తకంలో వచ్చిన పద్ధతి. పాట మాస్టార్లు ఊరూరా తిరిగి కొద్ది రోజుల్లో జనానికి నేర్పి వెళ్ళిపోయేవారట. మా వైపు చెక్కభజన గురువును పిలిపించి ఊళ్ళో పెట్టుకునేవారు, అలాగన్నమాట.

పేర్లు నాలుగే, స్వరాలు ఏడు. మన లెక్కలో స రి గ మ ప ద ని అంటే వాళ్ళకి ఫా సోల్ లా ఫా సోల్ లా మీ. ఒక్క నిషాదానికే సొంత పేరు. చిన్నప్పుడు సరళీ వరసలు, నాలుగు గీతాలు నేర్చుకున్న పాపానికి నా బుర్ర ప్రతి త్రికోణం దగ్గరా 'స'నా 'మ'నా అని ఆగిపోయేది. ఈలోపు పాట రెండు గీతలు ముందుకెళ్ళిపోయేది. కానీ ఒక్కటి మాత్రం సొంత ఇంట్లో ఉన్నట్టే అనిపించింది: ముందు స్వరం పాడి, తర్వాత సాహిత్యం. మలహరి గీతాలు మా టీచరు అలాగే పాడించేది.

వేదిక లేదు, మైకు లేదు, పియానో లేదు, శ్రుతిపెట్టె లేదు. ఒకాయన గొంతు సవరించుకుని శ్రుతి అందిస్తాడు, అంతే. బల్లలు నలుచదరంగా వేసి నాలుగు గొంతుల వాళ్ళు నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో ఖాళీ. అసలు వరస పాడే టెనర్ బల్లల్లో, వెనకాల నన్ను కూలేశారు. ఒక్కొక్కరే లేచి మధ్యలోకి వెళ్ళి పేజీ నంబరు చెప్పి, చెయ్యి పైకీ కిందికీ ఊపుతూ పాడిస్తారు. పదేళ్ళ పిల్లా అంతే, ఎనభై ఏళ్ళ ముసలాయనా అంతే. నా చెయ్యేమో చిటికెన వేలు నుంచి ఆదితాళం లెక్కపెడుతోంది.

నిజం చెప్పాలంటే, వెనక బల్ల నుంచి అది అరుపే. గమకం లేదు, మెత్తదనం లేదు. టీవీ ముందు వింటే నేనైతే కట్టేస్తాను. పదకొండింటికి మా ఆఫీసు అతను తన వంతు రాగానే నా భుజం పట్టి మధ్యలోకి లాక్కుపోయాడు. నలభై అయిదు, పైది. 'అమేజింగ్ గ్రేస్' అని లోకమంతా పాడేదే, వీళ్ళ పుస్తకంలో దాని వరస పేరు 'న్యూ బ్రిటన్'. చెయ్యి కిందికి దిగిందో లేదో, నాలుగు వైపుల నుంచీ గొంతులు వచ్చి ఛాతీకి తగిలాయి. కింద చెక్క అదురుతోంది. కింది గొంతు బేస్ వాళ్ళు వీపు మీద, పై గొంతు ట్రెబుల్ ఆడవాళ్ళు ముఖం మీద. నేను పాడానో లేదో గుర్తు లేదు. వినడానికి రావద్దని ఎందుకన్నాడో అర్థమైంది. ఆ పాట సరిగ్గా వినపడే చోటు ఆ గదిలో అదొక్కటే. అక్కడ ఒక్కరే నిలబడాలి, అదీ వంతులు వేసుకుని.

మధ్యాహ్నం బయట పొడుగాటి బల్లల మీద భోజనాలు. వేయించిన చికెన్, మొక్కజొన్న రొట్టె, అరటిపండు పుడ్డింగ్, పాకంలాంటి తీపి టీ. బీన్స్ చూసి శాకాహారమే అని మా ఆవిడ గరిటె పట్టింది. అందులో పంది మాంసం ముక్కలున్నాయని పక్కనున్న పెద్దావిడే ఆపింది. తర్వాత పులిహోరలో ఆవగింజలు ఫోర్కుతో ఒక్కొక్కటే పక్కకు తీస్తూ, "ఇవి తినేవేనా?" అని అడిగింది. తిని, ఇంకో రెండు గరిటెలు వడ్డించుకుంది.

పాటల మధ్య ఓసారి, ఈ ఏడాది పోయినవాళ్ళ పేర్లు చదివారు. మంచాన పడి రాలేకపోయినవాళ్ళ పేర్లు కూడా. పక్కాయన ముందు బల్ల కేసే చూస్తూ కూర్చున్నాడు, ముందు పాట అయిపోయినా పుస్తకం మూయలేదు.

ఆఖర్న అరవై రెండో పేజీ, వీడ్కోలు పాట. పాడుతూనే లేచి అందరూ అందరికీ చేతులు కలుపుతారు. పొద్దున శ్రుతి ఇచ్చిన పెద్దాయన నా చెయ్యి వదలకుండా, "వచ్చే ఏడు నువ్వే నిలబడాలి, ఏ పేజీ?" అన్నాడు. నోరు తెరిస్తే గొంతు రాలేదు. వేళ్ళతో నాలుగు, తర్వాత అయిదు చూపించాను.

"పైదా?" అన్నాడు. తలూపాను.