ఇండియా అని రాస్తే చాలదట

"ఎక్కడిది ఈ రాయి?" అని అడిగాడు పెద్దాయన. ఎడమచేతిలో అగ్గిపెట్టె అంత అట్టముక్క, కుడిచేతిలో సన్న మొన పెన్ను.

"ఇండియాది" అన్నాను.

పెన్ను కదలలేదు. "ఇండియాలో ఎక్కడ?"

"హైదరాబాద్."

అమెరికాకు వచ్చిన ఈ ఇరవై ఏళ్ళలో ఎవరు అడిగినా నా నోట వచ్చే జవాబు అదే. ఆఫీసులో, పిల్లల డాక్టరు దగ్గర, పక్కింటివాళ్ళకు, అందరికీ హైదరాబాదే. వాళ్ళకు అది చాలు, నాకూ చాలు. ఈయనకు చాలలేదు. "హైదరాబాద్‌లోనే దొరికిందా ఇది?" అని మళ్ళీ అడిగాడు.

దొరికింది హనుమకొండలో. మా అమ్మవాళ్ళు వెనకవైపు ఒక గది వేద్దామని పునాది తవ్విస్తే అడ్డం పడ్డ బండలోంచి పగిలిన ముక్క అది. పద్మాక్షి గుట్టకు దగ్గర అని చెప్పాక గాని పెన్ను కదల్లేదు. ఒక్కో అక్షరం చెప్పించుకుని రాసుకున్నాడు. చిన్నప్పుడు ఏటా బతుకమ్మ ఆడేది ఆ గుట్ట కిందనే. దాని పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో విడగొట్టి ఒకరికి చెప్పడం మాత్రం నాకదే మొదటిసారి.

ఇది జరిగింది న్యూజెర్సీలో, మేముండే ఊరి రాళ్ళ క్లబ్బులో. నెలకోసారి లైబ్రరీ కింది గదిలో కలుస్తారు. దాదాపు అందరూ రిటైరైనవాళ్ళే. మా వాడు చేరినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, వాడి తర్వాత చిన్నవాడికి నలభై దాటాయి. ముందు కిందటి నెల మినిట్స్ చదువుతారు, తర్వాత డబ్బుల లెక్క, తర్వాత కాఫీ, ఆ తర్వాతే రాళ్ళు. ప్రెసిడెంటుగా ఎవరుంటారు అంటే అందరూ కాఫీ కప్పుల్లోకి చూస్తారు. మన తెలుగు సంఘాల ఎన్నికలు చూసిన కళ్ళకు అదెంత విడ్డూరమో నేను చెప్పక్కర్లేదు.

ఇదేదో పొద్దుపోని ముసలివాళ్ళ సరదా అనుకున్నాను గాని, దీనికి పెద్ద చరిత్రే ఉంది. న్యూయార్క్ మినరలాజికల్ క్లబ్బు పుట్టింది 1886లో. పెట్టినవాళ్ళలో ఒకాయన జార్జ్ కుంజ్, టిఫనీ నగల కంపెనీలో రత్నాల నిపుణుడు. కుంజైట్ అనే లేత గులాబీ రంగు రాయికి ఆయన పేరే పెట్టారు. తర్వాత ఊరూరా ఇలాంటి క్లబ్బులు లేచి, 1947 నాటికి అన్నీ కలిసి దేశం మొత్తానికి ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. న్యూజెర్సీలో ఈ పిచ్చి ఇంకాస్త ఎక్కువ. రాష్ట్రానికి ఉత్తరాన ఫ్రాంక్లిన్, ఆగ్డెన్స్‌బర్గ్ అని రెండు చిన్న ఊళ్ళున్నాయి, రెండూ జింకు గనుల ఊళ్ళు. ఆ కాస్త నేలలోనే 350కి పైగా ఖనిజాలు దొరికాయి. గని కార్మికులు నచ్చిన ముక్కల్ని టిఫిన్ డబ్బాల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళట. ఫ్రాంక్లిన్ గని 1954లో మూతపడింది. 1959లో అక్కడి రాళ్ళ కోసమే ఒక సొసైటీ పుట్టింది. ఆగ్డెన్స్‌బర్గ్‌లోని స్టెర్లింగ్ గని 1986 దాకా నడిచింది, ఇప్పుడది మ్యూజియం.

అక్కడికి మా వాడితో నేనూ వెళ్ళాను. గది నిండా బూడిదరంగు రాళ్ళు. మన దగ్గర రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పకూ వాటికీ నాకు తేడా కనిపించలేదు. అంతలో లైట్లు తీసేసి అల్ట్రావయొలెట్ దీపం వేశారు. విల్లెమైట్ అనే ఖనిజం ఉన్నచోటల్లా లేత వరిమడి పచ్చ, కాల్సైట్ అనేది ఉన్నచోట కుంపట్లో నిప్పుల ఎరుపు. ఒకే రాయిలో రెండూ. మళ్ళీ లైటు వేస్తే మళ్ళీ కంకరే. మా వాడు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. వాడు నా చెయ్యి పట్టుకోవడం మానేసి అప్పటికే ఏడాది దాటింది.

అయినా మొదట్లో నాకు ఇది నచ్చలేదు. క్లబ్బు ఫీల్డ్ ట్రిప్పులు శనివారం, తెలుగు బడీ శనివారమే. గుణింతాలు ఎగ్గొట్టి గుట్టల వెంట తిరుగుతానంటే ఏ తల్లికి టెన్షన్ ఉండదు? ఉగాదికి పద్యం, సంక్రాంతికి ముగ్గుల పోటీ, గుడిలో శ్లోకాలు, అన్నిటికీ తిప్పాం. వాడు అన్నీ బుద్ధిగా చేశాడు, డాక్టరు దగ్గర నోరు తెరిచినంత బుద్ధిగా. మేం తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు. మా ఇద్దరి ఊళ్ళ గురించి వాడంతట వాడు ఒక్క ప్రశ్న అడిగింది లేదు.

అడిగిన మొదటి ప్రశ్న మా వంటింటి గట్టు గురించి. ఇల్లు కొన్నప్పుడే ఉన్న గ్రానైట్ అది. ముదురు గోధుమరంగు, మధ్యలో నల్ల మచ్చలు. ఎనిమిదేళ్ళుగా దాని మీదే బెండకాయలు తరుగుతున్నాను, చపాతీలు ఒత్తుతున్నాను. ఒకరోజు మా వాడు భూతద్దం పెట్టి గట్టు మీదికి వంగి, "ఈ బ్రౌన్ అంతా ఫెల్డ్‌స్పార్. దీన్ని టాన్ బ్రౌన్ అంటారు. కరీంనగర్‌లో మాత్రమే దొరుకుతుందట. నానమ్మవాళ్ళ కరీంనగరేనా?" అన్నాడు. మా ఆయన తింటున్న ప్లేటు పక్కన పెట్టి లేచి వచ్చాడు. వాళ్ళ ఊరి చుట్టుపక్కల గుట్టల్ని కోసి, లారీకి ఒకటో రెండో పట్టే బ్లాకులు చేసి, రైలెక్కించి కాకినాడ పోర్టుకు తోలడం ఆయన కళ్ళారా చూసినవాడు. చిన్నప్పుడు సీతాఫలాలకు ఎక్కిన గుట్ట ఇప్పుడు లేదు, నీళ్ళు నిండిన గుంత ఉంది. గట్టు మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, "ఎవరి గుట్టనో" అని వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.

కిందటి ఎండాకాలం సెలవులకు హనుమకొండ వెళ్ళినప్పుడు మా వాడు సుత్తి, భూతద్దం, లేబుళ్ళ కట్ట సర్దుకున్నాడు. అంతకుముందు వెళ్ళినప్పుడల్లా వైఫై పాస్‌వర్డ్ మొదటి మాట. ఈసారి మొదటి మాట, "ఏకశిల అంటే వన్ రాక్ కదా? చూపించు." ఓరుగల్లు, ఏకశిలానగరం అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే గాని, కోటలోని ఆ గుట్ట మీద నేను చెయ్యి పెట్టి చూసింది లేదు. వాడు పెట్టి చూశాడు. ఈ ప్రాంతపు గ్రానైట్లకు దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసని మా అమ్మకు చెప్తే, "ఇంక నన్ను ముసల్దానివి అనకు" అంది.

మా అమ్మ వాడికి ఇంత పనికొస్తుందని నేనూ అనుకోలేదు. క్వార్ట్జ్ చూపిస్తే పలుగురాయి అంది. మైకా చూపిస్తే కాకిబంగారం అంది. కాకిబంగారం ఎందుకని వాడు తెలుగులోనే అడిగాడు. "బంగారం లెక్కనే మెరుస్తది బిడ్డా, గని కాకి ఎత్కపోయినా ఎవ్వలు ఏడ్వరు." ఆ జవాబు వాడు నోట్‌బుక్కులో రాసుకున్నాడు. బలపం రాయి, నాపరాయి, ఇసుకరాయి, పరుపుబండ, గుండు, మొరం, వారం తిరిగేసరికి రెండు పేజీలు నిండాయి. తెలుగు బడిలో రెండేళ్ళు చెప్పినా నిలవని ళ, ణలు ఈ రాళ్ళతో కుదురుకున్నాయి.

అన్నీ ఇంత సాఫీగా జరగలేదు. కోటలో కీర్తితోరణాల దగ్గర మా తమ్ముడు గడ్డిలో పడున్న ఒక ముక్క తీసి, "ఇగో, నీ క్లబ్బుల పెట్టుకో" అని వాడి చేతికిచ్చాడు. అరచేయంత నల్లరాయి, అంచున చెక్కిన పూసల వరస. మా వాడు ముట్టుకోలేదు. "ఇది దొంగతనం మామా" అన్నాడు, అందరి ముందు. మా తమ్ముడి ముఖం మాడిపోయింది. నాకు సిగ్గేసింది, ఎవరి తరఫున సిగ్గుపడాలో తెలియలేదు. పెద్దవాళ్ళతో అట్లా మాట్లాడొద్దని ఒక పక్క చెప్పబోతున్నాను, వాడన్నది నిజమని ఇంకో పక్క తెలుస్తోంది. చెక్కిన రాయి జోలికి పోకూడదన్నది క్లబ్బులో మొదటి పాఠం, మన చట్టం కూడా అదే అంటుంది. చివరికి తమ్ముడే ముక్కను ఎక్కడిదక్కడ పెట్టి, "అమెరికా పోలీసు" అని నవ్వేశాడు. ఇంటికొస్తుంటే కారులో కోహినూర్ కథ ఎత్తుకున్నాడు, అది మన భద్రకాళి అమ్మవారి కన్ను అని. మా వాడు శ్రద్ధగా విని, "దానికి లేబుల్ ఉందా మామా?" అన్నాడు. అది ఏ గనిలో, ఎప్పుడు, ఎవరికి దొరికిందో రాసిపెట్టినవాళ్ళు ఎవరూ లేరు మరి.

రామప్పలో మాత్రం మామా అల్లుళ్ళు రాజీపడ్డారు. గోడ ఇసుకరాయి, స్తంభాలు గ్రానైట్, పైన వంగి నిలబడ్డ మదనికలు నల్లటి డోలరైట్, శిఖరంలో నీళ్ళ మీద తేలే తేలికపాటి ఇటుకలు. ఒక్క గుడిలో ఇన్ని రకాలా అని వాడు తల ఎత్తి మెడ నొప్పెట్టేదాకా చూశాడు. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. వాడికి లేబుల్ సమస్య వచ్చిందీ ఇక్కడే. నా చిన్నప్పుడు ఈ గుడి ఉన్న పాలంపేట వరంగల్ జిల్లా. 2016లో భూపాలపల్లి జిల్లా అయింది, 2019లో ములుగు. మా హనుమకొండకైతే వరంగల్ అర్బన్ అని కొన్నాళ్ళు ఉండి, 2021లో సొంత పేరొచ్చింది. గుడి ఉన్నచోటే ఉంది, అడ్రసు రెండుసార్లు మారింది.

"మరి పాత లేబుల్ పారేస్తారా?" అని అడిగాను.

అసలు పారేయరట. ఫ్రాంక్లిన్‌ను పూర్వం ఫ్రాంక్లిన్ ఫర్నేస్ అనేవాళ్ళు. ఆ పాత పేరున్న చీటీ రాయి వెంట ఉంటే దానికి విలువ ఎక్కువ. కొత్త లేబుల్ రాసి పాతదాన్ని కింద పెడతారు, ఎన్ని ఉంటే అన్నీ.

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో రాక్షసబల్లి అస్థిపంజరం చూపించాం. ఉత్తర తెలంగాణలో, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన ఎముకలవి. దాని శాస్త్రీయ నామం కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్, 1988లో పెట్టారు. యామన్‌పల్లి అని ఊరి పేరు అందులోనే ఉంది. వాడు ఆ పేరును మూడుసార్లు పైకి చదివి, "చూశావా, దీనికి కూడా హైదరాబాద్ అని పెట్టలేదు" అన్నాడు. నన్నే అన్నాడని నాకు తెలుసు.

అంతకుముందు, హనుమకొండలో బయల్దేరే ముందు రాత్రి పెద్ద యుద్ధం. పెట్టెకు 23 కిలోలు. మా అమ్మ ఆవకాయ, సకినాలు, కారప్పొడి ఒక వైపు, వాడి రాళ్ళు ఒక వైపు. మట్టి అంటుకుని ఉంటే అమెరికాలో రానివ్వరని బోరింగు దగ్గర కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో రాయినీ తోమాడు. మా అమ్మ చూసి చూసి, తనూ ఒక బ్రష్ తెచ్చుకుని పక్కన పీట వేసుకుంది. సకినాలు సగం ఆగిపోయాయి. ఆవకాయ మాత్రం ఒక్క గ్రాము తగ్గలేదు.

వచ్చాక ఒక ఆదివారం వంటింటి గట్టు మీద అన్నీ పరుచుకుని లేబుళ్ళు రాస్తున్నాడు. ఒక పలుగురాయి దగ్గర ఆగాడు. పిడికిలంత తెల్లరాయి, పక్కన కాకిబంగారం పొర. మా పొలం గట్టు మీద దాన్ని ఏరింది మా అమ్మ. రాయి పేరు రాశాడు, ఊరు రాశాడు, జిల్లా రాశాడు, తేదీ వేశాడు. చివరి గీత, సేకరించినవారు.

"అమ్మా, అమ్మమ్మ పేరేంటి?"

పదకొండేళ్ళు వచ్చాయి వాడికి. వారానికి రెండుసార్లు వీడియో కాల్. పేరు అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, మేమూ చెప్పలేదు. నేను చెప్పబోయి, తననే అడగమని ఫోన్ కలిపాను. అక్కడ పొద్దున్న, మా అమ్మ వాకిలి ఊడుస్తోంది.

"నా పేరా? నా పేరుతోటి ఏం పని బిడ్డా, అమ్మమ్మ అని రాయరాదు?"

"అట్లా రాయొద్దు అమ్మమ్మా. ఎవరి అమ్మమ్మ అని అడుగుతారు."

ఆమె చీపురు పక్కన పెట్టి ఇంటిపేరుతో సహా చెప్పింది. మా నాన్న ఇంటిపేరు కాదు, తన పుట్టింటిది. వాడు తెలుగులోనే రాస్తానని పట్టుబట్టాడు. అట్టముక్క చిన్నది, పేరు పెద్దది, చివరి రెండక్షరాలు అంచున వంగిపోయాయి. ఒక ఒత్తు తప్పు పోయింది. ఫోన్‌లో చూపిస్తే మా అమ్మ కళ్ళద్దాలు తెచ్చుకుని చూసి, ఆ ఒత్తు మళ్ళీ రాయించింది.