బెల్టు మీద తొమ్మిది నిమిషాలు

నిన్ననే టీఎంటీ, అంటే కదిలే బెల్టు మీద నడిపిస్తూ గుండెను చూసే పరీక్ష, చేయించుకుని వచ్చాను. ఛాతీ మీద స్టిక్కర్ల జిగురు ఇంకా పోలేదు. స్కూల్లో రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తోందంటే డాక్టరు గారు రాసిచ్చారు. డబ్బు కట్టడం, సంతకాలు, మామూలు ఈసీజీ అరగంటలో అయిపోయాయి.

బెల్టు గదిలోనే నా ఏడుపంతా. మూడు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దని ఫోన్లో చెప్పినవాళ్లు బట్టల ఊసే ఎత్తలేదు. చీరతో, చెప్పులతో వెళ్లాను. నాడాలు ఊడిపోయిన గౌను చేతికిచ్చారు. వెనక వీపంతా బయటే. ఒంటికి పది వైర్లు, వట్టి కాళ్లు. తలుపు ఎవరో ఒకరు తీస్తూనే ఉన్నారు, ఎదురుగా కుర్చీల్లో జనం. "బాబూ, తలుపు వెయ్యండి" అంటే, "ముందు మీరు నడవండమ్మా" అన్నాడు టెక్నీషియన్. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు మర్యాద నేర్పుతున్నదాన్ని, ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బెల్టు కదలకముందే నా గుండె వేగం నిమిషానికి 84 నుంచి 96కి వెళ్లింది. పని పడబోతోందని తెలియగానే ఒళ్లు ముందే సిద్ధమవుతుందట. మొదట గంటకు 2.7 కిలోమీటర్లు. ప్రతి మూడు నిమిషాలకీ వేగమూ ఎత్తూ పెరుగుతాయి. మూడో విడతలో 5.4 కిలోమీటర్లు, కోటప్పకొండ మెట్లెక్కుతున్నట్టే ఉంది. పిక్కలు రాళ్లయ్యాయి. చెమటకు ఒక స్టిక్కరు జారి, తెరమీద గీత పిచ్చిపిచ్చిగా ఊగింది. "అమ్మో, బీపీ 178!" అని అతను గట్టిగా అరిచాడు. ఇక అయిపోయాననుకున్నాను. పిల్లలే కళ్లముందు మెదిలారు.

నాకు 48 ఏళ్లు. 220లోంచి వయసు తీసేస్తే 172, అందులో 85 శాతం అంటే గుండె వేగం 146 దాటాలి. 150 దాకా వెళ్లాను, తొమ్మిది నిమిషాలూ పూర్తిగా నడిచాను! అతను బెల్టు ఠక్కున ఆపేశాడు. అంతే, కళ్లు బైర్లు కమ్మి కడ్డీ పట్టుకుని వేలాడాను.

తర్వాత డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. నడుస్తున్నప్పుడు పిక్కలు బిగిసి వదులుతూ రక్తాన్ని పైకి నెడతాయట. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి తలకు తగ్గుతుంది. అందుకే కాసేపు మెల్లగా నడిపించి ఆపాలి. ఆ మాట ఆ గదిలోవాడికి తెలియదా? బీపీలో పై అంకె పెరగడం సహజమే, గుండె గట్టిగా తోస్తోందన్నమాట. పనిచేసే కండరాల్లో రక్తనాళాలు విచ్చుకుంటాయి కాబట్టి కింది అంకె పెద్దగా మారదు. నాది 82 నుంచి 80 అయింది. శ్రమ పెరిగేకొద్దీ పై అంకె పడిపోతేనే భయపడాలట. ఆపిన నిమిషానికి నా గుండె 124కి దిగింది, అది మంచి లక్షణమంది. ఈ నాలుగు మాటలు ముందే చెప్పి ఉంటే అంత వణికేదాన్ని కాదు.

వెళ్లే ఆడవాళ్లు చుడీదారు, బూట్లు, ముందు గుండీలున్న వదులు చొక్కా పట్టుకెళ్లండి. తలుపు వేశాకే ఎక్కుతానని గట్టిగా చెప్పండి. బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి, ముందే డాక్టర్ని అడగండి, సొంతంగా మానొద్దు.

రిపోర్టులో 'నెగటివ్' అని చూసి మావారు కుర్చీలో కూలబడ్డారు. ఇందులో నెగటివ్ అంటే మంచిదేనని నేనే చెప్పాను. బయటికొచ్చేముందు ఫిర్యాదుల పుస్తకం అడిగి తలుపు సంగతి, బెల్టు సంగతి రెండూ రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టాను.