నిఘంటువు మీద ల్యాప్‌టాప్

నాలుగో పుస్తకం పెట్టాక గానీ తెర పైఅంచు నా కళ్ల ఎత్తుకు రాలేదు. అడుగున లావుపాటి నిఘంటువు, దాని మీద ఎప్పటివో మూడు పాఠ్యపుస్తకాలు. ఆపైన సింహాసనం ఎక్కినట్టు ల్యాప్‌టాప్.

తీరా టైపు చేయబోతే చేతులు గాల్లో ఉన్నాయి. తెర ఎత్తు కుదిరితే కీబోర్డు అందదు, కీబోర్డు అందితే మెడ వంగుతుంది. రెండింటినీ కలిపి బిగించినవాడికి మెడ లేదేమో! అటక మీది పాత కీబోర్డు దించి, దుమ్ము దులిపి తగిలించాను. ఒక మీట గట్టిగా నొక్కితేనే పలుకుతోంది. అయినా సరే, మోచేతులు 90 డిగ్రీల దగ్గర హాయిగా నిలిచాయి.

కొత్త కుర్చీ కొనే స్తోమత ఇప్పట్లో లేదు. తువ్వాలు చుట్టి నడుము వంపులో పెట్టుకున్నాను. పాదాలు వేలాడకుండా కింద అట్టపెట్టె పెడితే మధ్యాహ్నానికే కుంగిపోయింది. లోపల పాత వార్తాపత్రికలు కుక్కితే గానీ నిలబడలేదు.

సాయంత్రం లేస్తుంటే అలవాటుగా చెయ్యి మెడ మీదికి వెళ్లింది. నొప్పి ఉంది గానీ, నిన్నటంత లేదు.

ఇప్పుడు ఒక మాటకు అర్థం చూడాలి. నిఘంటువేమో అన్నిటికంటే అడుగున ఉంది.