అద్దె రెగ్యులేటరూ, అర్ధరాత్రి లెక్కలూ

"సెట్టు మొత్తం ఒకేసారి కొనెయ్, గొడవ వదిలిపోతుంది" అన్న మాట పొద్దున్నుంచీ బుర్రలో గిర్రున తిరుగుతోంది. అన్నది మా ఆయనే, చెప్పక్కర్లేదుగా. సముద్రం లోపలికి దిగే స్కూబా డైవింగ్ సామాను కొనేశాకే అసలు గొడవ మొదలవుతుందని ఈయనకి ఎవరు చెప్పాలి?

మాస్క్ దగ్గర పేచీ లేదు, అది సొంతదే ఉండాలి. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కాస్త గాలి పీలిస్తే, చెయ్యి తీసేసినా అంటుకునే ఉండాలి. జారిందా, ఎంత ముచ్చటగా ఉన్నా అక్కడే వదిలేసి రావాలి. పట్టీ బిగిస్తే సరిపోతుందిలే అనుకుంటారు, కానీ మరీ బిగిస్తే సిలికాన్ అంచు మడతపడి నీళ్ళు ఇంకా కారతాయి. మీసాలుంటే పై పెదవి దగ్గర ఎలాగూ కొంచెం కారతాయనుకోండి. కొత్త మాస్క్ అద్దానికి లోపలివైపు తయారీలో పట్టిన సన్నటి పొర ఉంటుంది. టూత్‌పేస్ట్‌తో బాగా రుద్ది కడగకపోతే, ఆ తర్వాత ఎంత ఉమ్మి రాసినా ఆవిరి పడుతూనే ఉంటుంది.

నా చిరాకంతా అద్దె రెగ్యులేటర్ల మీద, అంటే సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే పరికరాల మీద. తలుచుకుంటే ఇప్పటికీ నోరు ఉప్పగా అవుతుంది. గాలి పీల్చినప్పుడల్లా గొంతులోకి తుంపర! చాలాసార్లు కారణం నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌ని పట్టి ఉంచే జిప్ టై (సన్నటి ప్లాస్టిక్ పట్టీ) కింద కంటికి కనపడని చీలిక. దీన్ని ఒడ్డునే పట్టేయొచ్చు. సిలిండర్‌కి బిగించకముందు, ఫస్ట్ స్టేజ్‌కి (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగం) మూత ఉండగానే, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని లాగాలి. గాలి అస్సలు రాకూడదు. వస్తే మౌత్‌పీసో, లోపలి రబ్బరు పొర డయాఫ్రమో, వదిలిన గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వో కారుతున్నట్టే. బిగించి సిలిండర్ వాల్వ్ తెరిచాక, గాలి ఒత్తిడి చూపించే గేజ్ చూస్తూ గట్టిగా నాలుగైదుసార్లు పీల్చాలి. ముల్లు ఊగిందంటే వాల్వ్ సరిగ్గా తెరుచుకోలేదు, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది. ఫస్ట్ స్టేజ్ నోట్లో కనిపించే ఆ ఫిల్టర్ పచ్చబడి ఉంటే, లోపలికి నీళ్ళు పోయి తుప్పు మొదలైందన్నమాట. 30 మీటర్ల లోతులో ఒత్తిడి 4 బార్లు, అంటే పైనున్నదానికి నాలుగింతలు, కాబట్టి ఒక్కో శ్వాసకి పైన పీల్చేదానికి నాలుగింతల గాలి కావాలి. పైన బానే ఉందనిపించిన రెగ్యులేటర్ అక్కడ మొరాయించొచ్చు.

కాబట్టి కొనాల్సింది రెగ్యులేటరే అని రాయబోయాను. ఆగండి. దానికి సర్వీసింగ్ ఉంది. చాలా కంపెనీలు ఏడాదికో, 100 డైవ్‌లకో చేయించమంటాయి. కొన్ని రెండేళ్ళదాకా ఆగనిస్తాయి. వాడకుండా అల్మరాలో పడేసినా ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు చుట్లు) ముసలివైపోతాయి. కడిగేటప్పుడు మూత మర్చిపోయినా, నీళ్ళలో ముంచి పర్జ్ బటన్ (గాలి బయటికి వదిలే బటన్) నొక్కినా నీళ్ళు లోపలికి పోతాయి. ఏడాదికి ఒక్కసారి సముద్రంలో దిగేవాళ్ళు ఇంత సేవ చెయ్యడం దండగ. సొంత మౌత్‌పీస్ ఒకటి, రెండు జిప్ టైలు సంచిలో వేసుకుని, అద్దెకిచ్చేవాళ్ళని అడిగి మార్పించుకుంటే సగం బాధ తీరిపోతుంది.

డబ్బు పెట్టాల్సింది డైవ్ కంప్యూటర్ మీద, అంటే ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పరికరం మీద. నిన్నటి డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ లెక్క అందులోనే ఉంటుంది. ఇవాళ ఇంకొకటి అద్దెకి తీసుకుంటే దానికి మనం కొత్తవాళ్ళం, ఎక్కువసేపు ఉండొచ్చని చెప్పేస్తుంది. ఆ నైట్రోజన్ వదలాలి కాబట్టి, వరసగా డైవ్‌లు చేస్తే విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది ఎలాగూ తప్పదు.

సిలిండర్, బరువులు అద్దెకే, ఇందులో ఆలోచించేదేం లేదు. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అవుతుంటే తేలిపోతుంది, అందుకే బరువులు సరిపోయాయో లేదో సిలిండర్‌లో గాలి 50 బార్లకి తగ్గినప్పుడు చూసుకోవాలి. బీసీడీ, అంటే తేలడానికి గాలి నింపుకునే జాకెట్ కూడా అద్దెకే. దానికి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఉప్పు పేరుకుని ఇరుక్కుపోతే గాలి దానంతటదే నిండుతుంది. దిగేముందు పదిసార్లు నొక్కి వదిలి చూడాలి.

ఫిన్స్ (కాళ్ళకి తగిలించుకునే ఈత రెక్కలు) సంగతి ఇంకా తేలలేదు. మడమ తెరిచి ఉండే రకమైతే బూట్లూ కొనాలి. ఆ బూట్ల మందాన్ని బట్టి ఫిన్ సైజు మారుతుంది, కాబట్టి ముందు బూట్లే చూడాలి.