గంట నాదం ఆగే వరకు: మా పాపతో నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మేము ఉండే అపార్ట్‌మెంటుకు రైలు పట్టాలు ఎంతో దూరంలో లేవు. రైలు కూతలు, ఆటోల హారన్లు, ఇంట్లో టీవీ, మిక్సీ, కుక్కరు అన్నీ కలిసి పగలంతా చెవికి తెరిపి ఇవ్వవు. ఆ సందడిలోనే పెరిగిన మా పాపకు నాలుగో ఏడు వచ్చేసరికి, సాయంత్రం ఆరు దాటితే చాలు, పరుగులూ అరుపులూ మొదలై చివరికి ఏడుపులో ముగిసేవి. రాత్రి పదకొండైనా కన్ను మూతపడేది కాదు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మధ్యాహ్నపు కునుకును కలుపుకున్నా మా పాపకు తొమ్మిది గంటలు దాటేది కాదు.

నేను మొదట చేసిన పని తప్పు. రోజూ సాయంత్రం దీపం పెట్టిన తరువాత పాపను పక్కన కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని పది నిమిషాలు కదలకుండా ఉండమనేదాన్ని. నా మీద భయంతో రెండు నిమిషాలు కూర్చునేది. ఆ రెండు నిమిషాల్లో తన భుజాలు పైకి బిగుసుకుపోయి, పిడికిళ్లు ముడుచుకుని ఉండటం గమనించిన రోజున నాకు చాలా బాధ కలిగింది. నేను శాంతి అనుకుని ఇస్తున్నది పాపకు గోడకుర్చీ శిక్షలా ఉంది. ఆ రోజుతో దాన్ని మానేశాను.

పిలిస్తే పలకకపోవడం, టీవీ శబ్దం పెంచమని మారాం చేయడం కూడా ఉండటంతో, చెవి, ముక్కు, గొంతు వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాము. చిన్నపిల్లల్లో జలుబు తరువాత కర్ణభేరి వెనుక నీరు నిలిచి, నొప్పి లేకుండానే వినికిడి తగ్గే అవకాశం ఉంటుందని, అటువంటి పిల్లలను మొండివారని పొరపాటు పడటం మామూలేనని ఆవిడ చెప్పారు. పరీక్షలో అటువంటిదేమీ లేదని తేలింది. పిల్లలకు వినే ఆటలు నేర్పాలనుకునే తల్లిదండ్రులు, అనుమానం ఉంటే, ముందు ఈ పరీక్ష చేయించాలని నా మనవి. వినబడని బిడ్డను విను విను అని వేధించడం కంటే అన్యాయం లేదు.

దారి దొరికింది మా అత్తయ్యగారి పూజగంట వల్ల. అది ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కంచు గంట. రాగిలో తగరం కలిపి పోసే కంచుకు నాదం చాలాసేపు నిలుస్తుంది. బజారులో కొన్న మా ఇత్తడి గంట టంగుమని వెంటనే ఆగిపోతుంది. ఒక సాయంత్రం హారతి అయ్యాక పాప ఆ గంట మీద చెయ్యి వేసి, "అమ్మా, ఇది ఇంకా మోగుతోంది" అన్నది. నాకు ఏమీ వినబడలేదు. గంటను నా చెవి దగ్గరకు తెచ్చుకుంటే, నిజమే, సన్నని తీగలాంటి ధ్వని ఇంకా మిగిలి ఉంది. మరునాటి నుంచి కదలవద్దని గానీ మాట్లాడవద్దని గానీ చెప్పలేదు. "నేను గంట కొడతాను, అది పూర్తిగా ఆగిపోయాక చెయ్యి ఎత్తు" అన్నాను, అంతే. పాప ఊపిరి బిగబట్టి, తల కొద్దిగా పక్కకు వంచి విన్నది. చెయ్యి ఎత్తుతూ వదిలిన ఆ దీర్ఘమైన నిట్టూర్పుతో పాటు భుజాలు వాటంతట అవే దిగాయి. మెల్లగా, పొడవుగా ఊపిరి వదిలినప్పుడు గుండె వేగం తగ్గుతుందని చదివాను గానీ, అది నా బిడ్డ ఒంట్లో జరగడం కళ్లారా చూసింది ఆ రోజే. మూడుసార్లకు మించి మోగించలేదు. నాలుగోసారికి పాప ధ్యాస గంట మీద నుంచి చేతి మీదకు, ఎవరు ముందు ఎత్తుతారన్న పోటీ మీదకు పోతుంది.

ఇది కొత్త సంగతి కాదని తరువాత తెలిసింది. 1907లో రోము నగరంలో పేదల పిల్లల కోసం తొలి శిశు గృహాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరి, ఒకనాడు నాలుగు నెలల పసికందును తరగతిలోకి తీసుకువచ్చి, ఆ బిడ్డ ఎంత నిశ్చలంగా ఉందో, దాని ఊపిరి ఎంత మెత్తగా ఉందో చూడమని పిల్లలకు చెప్పారట. పిల్లలు తమ ఊపిరి చప్పుడును కూడా గమనించుకోసాగారు. ఆ తరువాత ఆవిడ పక్క గదిలో నిలబడి ఒక్కొక్కరి పేరు గుసగుసగా పిలిస్తే, పిలుపు అందుకున్నవారు అడుగుల చప్పుడు కాకుండా నడిచి వచ్చేవారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన ఆవిడ యుద్ధ కాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మౌనాన్ని పిల్లల మీద రుద్దకుండా, వారే ఇష్టపడి సాధించుకునే ఆటగా మార్చిన ఆ ఆలోచనకు నేను మనసారా నమస్కరిస్తాను.

రాత్రి పడుకునే ముందు పాప వాళ్ల నాన్నగారి ఛాతీ మీద చెవి పెట్టి గుండె చప్పుడు వింటుంది. జనవరిలో ఒక ఆదివారం ఉదయం ముగ్గురం నగరానికి దగ్గరలోనే ఉన్న ఉప్పలపాడు పక్షుల చెరువుకు వెళ్లాము. అక్కడి ఎర్రకాళ్ల కొంగల్లో పెద్దవి దాదాపు మూగవి, ముక్కులు కొట్టుకుంటూ కటకటమంటాయి. గోల చేసేవి పిల్లలే. ఆ రెండు చప్పుళ్లను పాప తనంతట తానే విడదీసి నాకు చూపించింది.

ఫలితం రాని రోజులు చాలానే ఉన్నాయి. ఆకలితో ఉన్నప్పుడు, బాగా ఏడుస్తున్నప్పుడు గంటను బయటకు తీయకూడదని అనుభవం మీద తెలుసుకున్నాను. అప్పుడు బిడ్డకు కావలసింది ఒడి. సాయంత్రం ఏడు తరువాత టీవీ కట్టేయడానికి పెద్దవాళ్లం ఒప్పుకోవడానికే మాకు మూడు వారాలు పట్టింది. ఈ మొత్తంలో అదే కష్టమైన భాగం. ఇప్పుడు పాప చాలా రాత్రులు తొమ్మిదిన్నరకు నిద్రపోతోంది.

ఆదివారం సాయంత్రాలు మా అంతస్తులోని మరో నలుగురు పిల్లలు కూడా వస్తారు. డాబా మీద చాప పరిచి, గంట మోగించి, తరువాత నేను నీళ్ల ట్యాంకు వెనుక నిలబడి పేర్లు గుసగుసగా పిలుస్తాను. మొదటి వారం అందరికంటే చిన్నవాడు, మూడేళ్లవాడు, తన వంతు రాకముందే చాప మీద నిద్రపోతే వాళ్ల అమ్మ భుజాన వేసుకుని తీసుకువెళ్లింది. తన పేరు పిలవలేదని వాడు మరునాడంతా అలిగాడు. అప్పటి నుంచి వాడి పేరే ముందు పిలుస్తున్నాను.