అద్దం తిప్పే హ్యాండిల్ కోసం అజ్జరం దాకా

నిన్న సాయంత్రం మా ప్రీమియర్ పద్మినిలో డ్రైవరు వైపు అద్దం మళ్లీ హ్యాండిల్ తిప్పగానే పైకి లేచింది. నాన్న 1976లో కొన్న కారు ఇది. ఎనిమిది నెలలుగా ఆ అద్దాన్ని రెండు అరచేతులతో అదిమిపట్టి పైకి లాగుతూ వచ్చాను, జారిపోకుండా తలుపు సందులో చెక్కముక్క దూరుస్తూ వచ్చాను. హ్యాండిల్ లోపలి పళ్లు అరిగిపోయాయి. హ్యాండిల్ తిరిగేది, అది పట్టుకోవలసిన ఉక్కు కాడ మాత్రం కదిలేది కాదు.

ఊడదీయడం పది నిమిషాల పని. ఒక పిన్ను బయటికి కొడితే చేతిలోకి వచ్చింది.

కొత్తది దొరుకుతుందేమోనని మొదట విజయవాడ ఆటోనగర్ అంతా తిరిగాను. లారీకి ఏ సామాను కావాలన్నా గంటలో చేతిలో పెట్టే చోటు అది. పద్మిని పేరు చెబితే మాత్రం తల అడ్డంగా ఊపారు. బొంబాయి కుర్లాలో ఆ కారు తయారీ ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది మరి. ఒక దుకాణంలో డూప్లికేట్ హ్యాండిల్ ఇచ్చారు. పైన వెండి మెరుపు, లోపల ప్లాస్టిక్. మూడో రోజు మెడ దగ్గర, అంటే కాడను పట్టుకునే చోట, విరిగింది. అలాంటివి కొనకండి. ఒట్టు పెట్టి అమ్మినా కొనకండి.

తర్వాత వెల్డింగ్ షాపుకు వెళ్లాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అరిగినచోట లోహం నింపి, లేత్ మీద మళ్లీ పళ్లు కోస్తానన్నాడు యజమాని. నేను అంతకుముందే ఇంట్లో పరీక్షించి చూశాను. అయస్కాంతం అంటలేదు, కాబట్టి ఇనుము కాదు. ఆకురాయితో గీస్తే పసుపు రాలేదు, కాబట్టి ఇత్తడి కాదు. బరువు చూస్తే అల్యూమినియం కానే కాదు. ఆ కాలపు హ్యాండిళ్లు చాలావరకు జింకు మిశ్రమంతో అచ్చు పోసినవే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతున్నవాడిని, ఈ మాత్రం తేల్చుకోగలను.

"ఇది జింకు మిశ్రమమండీ. 380 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. గ్యాసు మంట మూడు వేల డిగ్రీలు దాటుతుంది, తట్టుకోదు" అన్నాను.

"మాస్టారూ, సుద్దముక్కతో చెప్పే చదువు వేరు, ఇక్కడి పని వేరు. ముప్పై ఏళ్లుగా మంట పట్టుకుంటున్నవాడికి మీరు పాఠం చెబుతారా?" అన్నాడు గట్టిగా. లారీల దగ్గరున్న అయిదారుగురు నవ్వారు. వాళ్లలో ఒకడు నా దగ్గర చదువుకున్న కుర్రాడు. వాడు నవ్వలేదు, తల దించుకున్నాడు. ఆ నవ్వులకన్నా వాడు తల దించుకోవడమే నన్ను ఎక్కువ కోసింది. నాకు తెలిసిన విషయం మీద నేను గట్టిగా నిలబడవలసింది. నిలబడలేదు. "సరే, కానివ్వండి" అన్నాను.

ఇనుము కరగడానికి చాలా ముందే ఎర్రబడుతుంది, పనివాడి చేయి ఆగుతుంది. జింకు మిశ్రమం అలా హెచ్చరించదు. రంగు మారకుండానే ఉన్నట్టుండి కుంగిపోతుంది. నా కళ్లముందే నాన్న చేయి పడి నునుపెక్కిన ఆ హ్యాండిల్ బల్ల మీద బూడిదరంగు ముద్దయింది.

అతను నా ముఖం కూడా చూడలేదు. "సరుకే నాసిరకం" అని మూడు వందలు అడిగాడు. ఇచ్చేశాను. అలా ఇచ్చినందుకు ఇంటికొచ్చాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. పాత కారు పట్టుకుని వచ్చేవాళ్లంటే ఆ షాపుల్లో ఎందుకంత చులకనో నాకు అర్థం కాదు. తెలియదని ఒక్క మాట చెబితే సరిపోయేది, వస్తువైనా మిగిలేది.

తణుకు దగ్గరి అజ్జరంలో ఇత్తడి పోతపని చేస్తారు కదా అని అప్పుడు తట్టింది. ఎడమ తలుపు హ్యాండిల్ ఊడదీసి నమూనాగా పట్టుకెళ్లాను. అక్కడి పెద్దాయన దాన్ని చేతిలో రెండుసార్లు తిప్పి చూసి, "దీన్నే అచ్చులో పెడితే కుదరదు బాబూ, ఇత్తడి చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది" అన్నారు. ఆ ముడత నూటికి ఒకటిన్నర పాళ్లు ఉంటుంది. ఆయన ఆ లెక్క చెప్పలేదు, చేతికే తెలుసు. నమూనా మీద పలచగా మైనం పూసి కాస్త లావు చేశారు. రెండు తలుపులకూ రెండు హ్యాండిళ్లు, రంధ్రం వదలకుండా మెడను నిండుగా పోశారు. నేను చెప్పిందంతా పూర్తిగా విన్న మొదటి మనిషి ఆయనే.

విజయవాడ వచ్చాక ఒక టర్నర్ ఆ మెడలో కాస్త బిగువుగా రంధ్రం వేశాడు. పళ్లు కోయడానికి పనిముట్టు లేదు. అద్దాన్ని పైకీ కిందికీ నడిపే పాత యంత్రం (రెగ్యులేటర్) నుంచి తీసిన ఉక్కు కాడనే ప్రెస్సులో పెట్టి ఆ రంధ్రంలోకి దింపాడు. ఉక్కు పళ్లు ఇత్తడిలో తమ గాడిని తామే చేసుకున్నాయి. ఈ ఉపాయం నాదే, చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఇత్తడి మీద నికెల్ నేరుగా పడుతుంది కాబట్టి ప్లేటింగ్ ఒక్క రోజులో అయిపోయింది. లోపలి తలుపు పిడులు జింకువే. పొక్కులు లేచినవాటిని బఫింగ్ చేయించి, అంటే రుద్ది నునుపు చేయించి, మళ్లీ ప్లేటింగుకు ఇచ్చాను. వాటికి ముందు రాగి పొర ఎక్కిస్తారా అని అడిగి తీరాలి. నేరుగా నికెల్ తొట్టిలో ముంచితే ఆ ఆమ్లం జింకును తినేస్తుంది, మెరుపు కింద మళ్లీ పొక్కులే. నికెల్ మీద చివరగా వేసే, పైన కనిపించే క్రోమియం పొర సాధారణంగా మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యోవంతు) సగం కూడా ఉండదు. బలమంతా కింది పొరలదే.

రెండు హ్యాండిళ్లకు ప్రయాణం కలుపుకుని నాలుగు వేలు దాటింది. మైనం పూసిన నమూనాను అలాగే గుడ్డలో చుట్టి ఉంచాను. పద్మిని ఉన్నవాళ్లు ఎవరైనా వచ్చి తీసుకెళ్లవచ్చు. డబ్బేమీ వద్దు, పోత అయ్యాక తిరిగి ఇస్తే చాలు.